మిద్దె మీద ఆటుపోట్లు: వంగరెడ్డికూర డైరీ

జనవరి 18

సంక్రాంతికి నెల్లూరు జిల్లా అల్లూరులో ఉన్న మా చిన్నమ్మ వాళ్ళింటికి వెళ్ళి, వచ్చేటప్పుడు తడి గోనెసంచిలో చుట్టిన ముప్పై కొమ్మలను ప్రొద్దుటూరుకు తెచ్చుకున్నాను. ఇస్కపల్లి ఉప్పు మడుల గట్ల మీద, మోకాలి ఎత్తు కూడా లేకుండా నేలను అంటిపెట్టుకుని చాపలా పరుచుకునే ఈ మొక్క పేరు వంగరెడ్డికూర. శాస్త్రీయంగా సెసూవియం పోర్టులకాస్ట్రం అంటారు. లిన్నేయస్ 1753లో దీనిని మన గంగపాయలాకు ప్రజాతిలోనే చేర్చి, 1759లో వేరు చేశాడు. జాతి నామంలో మాత్రం ‘గంగపాయలాకును పోలినది’ అనే అర్థం అలాగే మిగిలిపోయింది. పులికాట్ సరస్సు ఒడ్డున కూడా ఇది ఉంటుంది గాని, అది పక్షుల సంరక్షణ కేంద్రం కనుక అటువైపు వెళ్ళే ఆలోచనే పెట్టుకోలేదు. ఉప్పు మడి యజమానిని అడిగి, ఆయన సరేనన్న తరువాతే గట్టు మీది కొమ్మలను కోశాను.

ఈ పని ఎందుకు మొదలుపెట్టానో ఒకసారి రాసి పెట్టుకోవడం మంచిది. మైదుకూరు అవతల, కె.సి. (కర్నూలు-కడప) కాలువ ఆయకట్టు చివరన మా నాయనకు ఉన్న పొలంలో ఒక మూల చౌడు తేలి ఏళ్ళు గడిచాయి. సముద్రపు ఉప్పులో బతికే మొక్క ఆ చౌడులో ఎందుకు బతకదన్నది నా ప్రశ్న. ముందు మిద్దె మీద తొట్లలో పెంచి, మొక్క స్వభావం తెలిశాక పొలానికి తీసుకువెళ్ళాలని అనుకున్నాను.

కొమ్మలు కోస్తున్నప్పుడు మడిలో పనిచేసే ఒక పెద్దాయన, “ఈ గట్టు కాడికి దినామూ నీళ్ళు రావు సామీ, అమాసకీ పున్నానికీ పోటు పెద్దదైతేనే వస్తాయి, పాటుకి తీసకపోతాయి” అన్నారు. ఆ మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు.

జనవరి 20

కొమ్మను చేతిలోకి తీసుకుని చూస్తే అందులో మొక్క బతుకంతా కనిపిస్తుంది. కాడ ఎర్రగా, నున్నగా, పెన్సిలు కంటే సన్నగా ఉంది. ప్రతి కణుపు దగ్గర ఎదురెదురుగా రెండు ఆకులు. ఒక్కొక్కటి చిటికెన వేలి పొడవున, అడ్డంగా విరిస్తే లోపల పచ్చటి జెల్లీలా నీరు. నాలుకకు తగిలిస్తే మొదట ఉప్పు, తరువాత కొద్దిగా పులుపు. నేలకు తగిలి ఉన్న కణుపులన్నిటికీ అప్పటికే తెల్లటి వేళ్ళు మొలిచి ఉన్నాయి. ఈ మొక్క పాకుతూ పోతూ ప్రతి కణుపు దగ్గరా ఒక కొత్త కాపురం పెడుతుంది. అందుకే అలలు గట్టును కోసినా ఇది ఎక్కడో ఒకచోట పట్టు నిలుపుకుంటుంది.

ఇరవై లీటర్ల ఖాళీ రంగు డబ్బాలను సగానికి కోసి నాలుగు తొట్లు తయారు చేశాను. పెన్నా ఇసుక మూడు పాళ్ళు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు. బురదనేల మొక్క కదా, నీరు నిలవాలి గదా అన్న తెలివితో తొట్ల అడుగున రంధ్రాలు పెట్టలేదు. ఒక్కొక్క తొట్టిలో ఆరు కొమ్మల చొప్పున ఇరవై నాలుగు నాటి, మిగిలిన ఆరింటిని నీళ్ళ సీసాలో నిలిపాను.

ఫిబ్రవరి 6

ఇరవై నాలుగులో ఇరవై మూడు నాటుకున్నాయి. ఇంత సులువుగా వేరు పట్టే మొక్కను ఇంతవరకు నేను చూడలేదు.

ఫిబ్రవరి 8

నేటి నుంచి ఉప్పు. అంగడిలో దొరికే అయోడిన్ ఉప్పు కాకుండా రాళ్ళుప్పు తెచ్చాను. మొదటి తొట్టికి బోరు నీళ్ళు మాత్రమే. రెండవ దానికి లీటరుకు 10 గ్రాములు, మూడవ దానికి 20 గ్రాములు, నాలుగవ దానికి 35 గ్రాములు. చివరిది దాదాపు సముద్రపు నీటితో సమానం. ఒక్కసారిగా పోయకుండా, మూడు రోజులకొకసారి లీటరుకు ఐదేసి గ్రాముల చొప్పున పెంచుతూ పోవాలని నిర్ణయించాను.

నీటిలో కరిగిన లవణాలను లీటరుకు మిల్లీగ్రాములలో చూపే కలం ఆకారపు టి.డి.ఎస్. మీటరు నా దగ్గర ఉంది గాని, 9,990 దాటితే అది చేతులెత్తేస్తుంది. మంచినీటి ప్లాంటు నీటితో నూరు రెట్లు పలుచన చేసి కొలిచి, తిరిగి నూరుతో గుణించుకోవడం ఒక్కటే దారి.

మార్చి 14

తేడా కంటికి కనిపిస్తున్నది. ఉప్పు లేని తొట్టిలోని మొక్కలు పొడవుగా సాగాయి గాని ఆకులు పలుచగా, లేత ఆకుపచ్చగా ఉన్నాయి. పది, ఇరవై గ్రాముల తొట్లలోనివి గుబురుగా పెరిగాయి. వాటి ఆకులు వేరుశనగ గింజంత మందం ఉన్నాయి. ముప్పై అయిదు గ్రాముల దానిలో ఎదుగుదల మెల్లగా ఉంది, కాడలు మాత్రం బీట్‌రూట్ రంగుకు తిరిగాయి. ఆ పోలిక ఊరికే చెప్పింది కాదు; బీట్‌రూట్‌కూ, ఎర్ర తోటకూరకూ ఎరుపునిచ్చే బీటాలైన్లే ఈ కుటుంబపు మొక్కలలోనూ ఉంటాయి.

మడ చెట్లలో కొన్ని ఆకు మీది గ్రంథుల ద్వారా ఉప్పును బయటికి నెట్టేస్తాయి. వంగరెడ్డికూరకు అటువంటి గ్రంథులు లేవు. వచ్చిన సోడియంను ఆకు కణాల లోపలున్న రిక్తికలలో, అంటే నీటి సంచులలో, బంధించి పెడుతుంది. ఆ సంచి చుట్టూ ఉన్న జీవద్రవ్యం ఎండిపోకుండా ప్రోలిన్ వంటి పదార్థాలను తయారు చేసుకుని సమతూకం నిలుపుకుంటుంది. ఉప్పు పెరిగేకొద్దీ ఆకు లావెక్కడానికి కారణం అదే. సోడియం దీనికి కొంతమేరకు బలమే గాని భారం కాదు.

ఏప్రిల్ 2

పది గ్రాముల తొట్టిలో మొదటి పువ్వు విచ్చింది. ఉదయం పదిన్నర ప్రాంతంలో తెరుచుకుని మధ్యాహ్నం మూడు దాటగానే ముడుచుకుంది. సెలవు రోజు కాకపోయి ఉంటే నాకు దక్కేది కాదు. ఆకు మొదట్లో చిన్న తొడిమ మీద, చిటికెన వేలి గోరంత నక్షత్రం. పువ్వుకు అసలు ఆకర్షణ పత్రాలే లేవు. మనం రేకులనుకునే ఐదూ రక్షక పత్రాల వంటివే, బయటివైపు పచ్చగా, లోపలివైపు గులాబీ రంగులో ఉంటాయి. ఒక్కొక్క రేకు కొన దగ్గర, వెనుకవైపు, చిన్న కొమ్ములాంటి మొన ఉంది. నడుమ గులాబీ రంగు కేసరాలు గుత్తిగా ఉన్నాయి. భూతద్దం కింద లెక్కపెట్టబోయి ఇరవై ఎనిమిది దగ్గర చూపు తప్పింది. ఒక చిన్న తేనెటీగ మూడు సార్లు వచ్చింది. మూడంతస్తుల మిద్దె మీద ఒకే ఒక్క పువ్వు ఉన్నట్లు దానికి ఎవరు కబురు పంపారో తెలియదు.

మే 3

ఇరవై గ్రాముల తొట్టి చచ్చిపోయింది. ముప్పై అయిదు గ్రాములది చావుబతుకుల్లో ఉంది.

మూడు వారాలుగా ఎండ నలభై రెండు డిగ్రీలు దాటుతున్నది. ఆకులు ముడతలు పడుతుంటే ఎండ దెబ్బేమోనని రోజూ ఇంకో అర లీటరు ఎక్కువ పోస్తూ వచ్చాను. ఈ రోజు తొట్టి అంచున తెల్లటి పొర కనిపించింది. గోటితో గీకితే చక్కెర పలుకుల వంటి స్ఫటికాలు రాలాయి. అప్పుడు గాని నాకు లెక్క గుర్తుకు రాలేదు. రోజుకు కనీసం ఒక లీటరు, లీటరుకు 20 గ్రాములు, ఇరవై ఒక్క రోజులు: 420 గ్రాముల ఉప్పు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పోదు. తొట్టిలోని ఇసుక పట్టి ఉంచుకునే నీరు మూడు లీటర్లకు మించదు. అంటే వేళ్ళ చుట్టూ లీటరుకు 140 గ్రాములు, సముద్రానికి నాలుగింతలు. తొట్టిని ఒక పక్కకు వంచి కారిన నీటిని నూరు రెట్లు పలుచన చేసి కొలిస్తే మీటరు 1,180 చూపించింది. లెక్కకు కొంచెం తక్కువగానైనా అదే కథ.

ఉప్పు మడి దగ్గరి పెద్దాయన మాట ఇప్పుడు అర్థమైంది. మన తూర్పు తీరంలో రోజుకు నీరు పొంగే పోట్లు రెండు, వెనక్కి తగ్గే పాట్లు రెండు. వంగరెడ్డికూర ఉండే మెరక గట్టుకు పెద్ద పోటు నీళ్ళు మాత్రమే అందుతాయి. సముద్రం ఉప్పును తెచ్చినట్లే తిరిగి తీసుకుపోతుంది, మిగిలినదాన్ని ఈశాన్య రుతుపవనాల వాన కడిగేస్తుంది. నేను తొట్లకు పోటు మాత్రమే ఇచ్చాను, పాటు ఇవ్వలేదు. రంధ్రం లేని డబ్బాను బురదనేల అనుకోవడం నా అమాయకత్వం. ఉప్పు మడిని కూడా అలాగే కడతారు గదా, నీరు లోపలికి రావడమే గాని పోవడానికి దారి లేకుండా. ఆ మడి లోపల ఒక్క మొక్కైనా ఉండదు, గట్టు మీదే ఉంటుంది. కళ్ళెదుట ఉన్నదానిని చూడలేదు.

మే 11

మిగిలిన మూడు తొట్లకూ, సీసాలోని ఆరు కొమ్మలతో కొత్తగా నాటిన నాలుగవదానికీ అడుగున రంధ్రం చేసి, డ్రమ్ములకు బిగించే ప్లాస్టిక్ కొళాయిలు పెట్టాను. కొళాయి లోపలి మూతికి ఇసుక అడ్డుపడకుండా కొబ్బరి పీచు కుక్కాను. మొదటి రోజు పీచు బదులు పాత దోమతెర గుడ్డ పెడితే గంటలో పూడుకుపోయింది. నాలుగు రోజులకొకసారి కొళాయి మూసి, ఉప్పు నీటిని ఇసుక మీద ఒక వేలి మందం నిలిచేవరకు పోసి, మూడు గంటలు ఉంచి, ఆ తరువాత కొళాయి తిప్పి అంతా వదిలేస్తున్నాను. నడుమ రోజులలో బోరు నీళ్ళు. వదిలిన నీటిని బకెట్లలో పట్టి, మీటరుతో చూసి, తక్కువైన ఉప్పు కలిపి మళ్ళీ వాడుతున్నాను. ఆ నీటిని వీధి కాలువలోకి గాని, ఇంటి ముందున్న కానుగ చెట్టు పాదులోకి గాని ఒక్క చెంబు కూడా పోయడం లేదు.

మే 29

చావుబతుకుల్లో ఉన్న తొట్టి మళ్ళీ చిగురు వేసింది. నలభై మూడు డిగ్రీల ఎండలో. దీనినిబట్టి ఈ మొక్కకు మా ఎండ శత్రువు కాదని తేలింది.

జూన్ 21

ఊరినుంచి అమ్మ వచ్చింది. నేను ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేసరికి పది గ్రాముల తొట్టి శుభ్రంగా, ఇసుకతో మాత్రమే ఉంది. “గలిజేరు పెరిగిపొయ్యింటే పీకేసినా, ఏం నాయనా, మందు కొట్టేదానికన్నా తీరిక లేకపాయనా నీకు?” అని నన్నే తిరిగి అడిగింది.

ఆమెను తప్పుపట్టడానికి వీల్లేదు. తొలకరి పడగానే వేరుశనగ చేలలో పుట్టుకొచ్చే తెల్ల గలిజేరు దీనికి నిజంగానే దగ్గరి చుట్టం. కుటుంబం ఒకటే, శాస్త్రనామంలో రెండవ మాట కూడా ఒకటే. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూపించాను. గలిజేరు ఆకులు గుండ్రంగా ఉంటాయి, జంటలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పువ్వుకు తొడిమ లేక ఆకు మొదట్లోని తొడుగులో సగం దాక్కుని ఉంటుంది. వంగరెడ్డికూర ఆకులు సన్నగా, జంట సమానంగా ఉంటాయి. పువ్వు తొడిమ మీద బయటికి నిలుస్తుంది. అమ్మ రెండు ఆకులూ నలిపి, నాలుక మీద వేసుకుని, “ఇది ఉప్పు గదరా” అని ఒప్పుకుంది. చెత్తబుట్టలో పడి ఉన్న కాడలను ఏరి మళ్ళీ గుచ్చాను. కణుపుకొక వేరు వేసే మొక్క కనుక నష్టమేమీ జరగలేదు. మిగిలిన లేత కొమ్మలను అమ్మ ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కందిపప్పులో ఉప్పు వేయకుండా ఎనిపింది. పేరులో ‘కూర’ అని ఉన్నందుకు న్యాయం జరిగింది గాని, రెండవ రోజు కూడా తినాలనిపించే రుచి మాత్రం కాదు.

జూలై 13

ఇప్పుడు పొలం. చౌడు మూలలో మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల మడి కట్టాను. చుట్టూ జానెడు ఎత్తు గట్టు వేశాను. తీరంలో పుట్టిన మొక్కను తెచ్చి పొలమంతా వదలడం నాకు ఇష్టం లేదు. ఈ గట్టు దాటిన కొమ్మను కోసేయాలన్నది నేను పెట్టుకున్న నియమం.

నేల పరీక్షలో ఉదజని సూచిక (పి.హెచ్.) 9.4 వచ్చింది. ఉప్పు ఎక్కువై తెల్లగా మెరిసేది పాల చౌడు. సోడియం మట్టి రేణువులకే అంటుకుపోయి, నేల నల్లబారి, తడిస్తే జిగురుగా, ఆరితే రాయిలా మారేది కారు చౌడు. సూచిక 8.5 దాటితే కారు చౌడు కిందికి వస్తుంది. మాది అదే. సముద్రపు ఉప్పు ప్రధానంగా క్లోరైడు; మా నేలలో ఉన్నది సోడా ఉప్పు, వెనుకటికి చాకలివాళ్ళు బట్టలు ఉడకబెట్టడానికి తీసుకుపోయిన మట్టి. రెండిటికీ ‘ఉప్పు’ అని ఒకటే మాట వాడుకుని ఇన్ని నెలలుగా నన్ను నేను మోసం చేసుకున్నాను.

ఒక సీసాలో గుప్పెడు ఆ మట్టి, నీళ్ళు పోసి గిలకరించి పెట్టాను. మరుసటి రోజు ఉదయానికి కూడా నీరు టీ రంగులోనే ఉంది. మట్టి కిందికి దిగనే లేదు. అదే కొలతతో రెండవ సీసాలో ఒక చెంచా జిప్సం పొడి కలిపితే రెండు గంటల్లో మట్టి అట్టలు అట్టలుగా అడుగుకు చేరి, పైన నీరు తేరింది. జిప్సంలోని కాల్షియం మట్టి రేణువుల మీది సోడియంను తొలగించి వాటిని గుంపులు కట్టిస్తుంది. రేణువులు విడివిడిగా తేలియాడే నేలలో సందులు పూడుకుపోతాయి, నీరు దిగదు. కాబట్టి కారు చౌడులో కూడా లేనిది పాటే.

మడిని రెండుగా చేసి, ఒక సగానికి చదరపు మీటరుకు అర కిలో చొప్పున, అంటే ఎకరాకు రెండు టన్నుల లెక్కన, జిప్సం చల్లి పైపైన తిరగదోడాను. రెండు సగాలలోనూ పద్దెనిమిదేసి కొమ్మలు నాటాను.

సెప్టెంబరు 15

జిప్సం లేని సగంలో పద్దెనిమిదికి ఏడు బతికాయి. ఆకులు చిన్నవిగా, కొత్త చిగుళ్ళు పసుపురంగులో ఉన్నాయి. జిప్సం వేసిన సగంలో పదహారు బతికి, ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోయాయి. గట్టి వాన పడిన మరునాడు వెళ్ళి చూస్తే మొదటి సగంలో నీరు అద్దంలా నిలిచి ఉంది, రెండవ దానిలో నీరు ఇంకిపోయి, అడుగు పెడితే దిగబడింది.

నాయన గట్టు మీద కూర్చుని, “ఈ ఆకు ఉప్పును పీల్చి చౌడును తీసేస్తుందా, లేదా?” అని సూటిగా అడిగాడు. ఆయనకు లెక్కతోనే జవాబు చెప్పాను. తమిళనాడులో జరిగిన ఒక పరిశోధన వంగరెడ్డికూర నాలుగు నెలల్లో హెక్టారు ఉప్పు నేల నుంచి 474 కిలోల ఉప్పును తీయగలదని అంచనా వేసింది, 2007లో అచ్చయింది. వినడానికి పెద్ద అంకె. చదరపు మీటరుకు పంచితే 47 గ్రాములు. మా బోరు నీటిలో లీటరుకు సుమారు ఒక గ్రాము లవణాలున్నాయి. ఒక పంటకు చదరపు మీటరుకు ఆరు వందల లీటర్లు పారిస్తే 600 గ్రాములు మనమే తెచ్చి పోస్తున్నాము. అందులో అన్నీ చెడ్డ లవణాలు కావు, నిజమే. అయినా ఎత్తేది పిడికెడు, పోసేది తట్టెడు. పైగా కోసిన ఆకును పొలం బయటికి మోసుకుపోతేనే ఆ 47 గ్రాములైనా తగ్గినట్లు. అక్కడే రాలిపోతే ఎత్తిన ఉప్పు మళ్ళీ నేలకే చేరుతుంది.

“అంటే కాలవ నీళ్ళొచ్చినప్పుడు కడిగి, మురుగు దారి తీయాల. ఆకు తరవాత” అన్నాడు నాయన. నేను ఎనిమిది నెలలు మిద్దె మీద తిప్పలు పడి తెలుసుకున్నది అదే. ఆ మూల నుంచి వాగు వైపు మురుగు కాలువ ఒకటి ఉండేది, పదేళ్ళ కిందట పూడిపోయింది. వచ్చే వేసవిలో దానిని తవ్వించాలని మాట్లాడుకున్నాము. జీలుగ విత్తి పూతకు వచ్చే ముందు కలియదున్నాలన్నది ఆయన చేర్చిన మాట.

అక్టోబరు 24

మిద్దె మీది తొట్టిలో కాయలు పక్వానికి వచ్చాయి. కాయ పైభాగం చిన్న టోపీలా గుండ్రంగా ఊడిపోతుంది. లోపల నల్లగా, నున్నగా, ఆవగింజ కంటే కొంచెం చిన్నవిగా గింజలు. పద్నాలుగు కాయల నుంచి మొత్తం 64 గింజలు వచ్చాయి. రెండు పళ్ళేలలో ముప్పై రెండేసి పరిచాను. ఒకదానికి మంచినీటి ప్లాంటు నీళ్ళు, రెండవదానికి లీటరుకు 20 గ్రాముల ఉప్పు నీళ్ళు.

నవంబరు 9

మంచినీటి పళ్ళెంలో పదకొండు మొలకలు. ఉప్పు పళ్ళెంలో ఒక్కటీ లేదు. పెద్ద మొక్క హాయిగా తాగే నీటిలో దాని గింజ కళ్ళు తెరవదు; తీరంలో కూడా వానలు ఉప్పును కడిగిన తరువాతే మొలకలు వస్తాయి. ఉప్పు పళ్ళెంలోని గింజలను పారేయకుండా టీ జల్లెడలో వేసి, మూడుసార్లు కడిగి, మంచినీటిలోకి మార్చాను.

నవంబరు 17

కడిగిన గింజలలో తొమ్మిది మొలిచాయి. పెన్నా ఇసుక నింపిన చిన్న కప్పులలోకి మార్చి, ప్రతి కప్పు మీద అమ్మ కోసం పెద్ద అక్షరాలతో ‘గలిజేరు కాదు’ అని రాసిన చీటీ అంటించాను.